సరిహద్దుకు వెళ్ళబోయిన వాషింగ్ మెషిన్

ఇటు జరిగి కూర్చోండి, ఫ్యాన్ చప్పుడుకు వినబడదు. మన తార్నాకలో దేశం తన కాళ్ళ మీద తాను నిలబడిన వైనం చెబుతాను.

నా మనవడు దిలీప్ సరిహద్దులో సిపాయి. మంచు పడితే వాళ్ళ పాత వైర్‌లెస్ సెట్లు మూగబోతాయి. నిరుడు అలాగే ఇద్దరు దారి తప్పారు, ఒక్కడే తిరిగొచ్చాడు. అందుకని మన తార్నాకలోనే ఉండే ఉమాపతి సారు తన పరిశోధనశాల స్వయంశక్తి కేంద్రంలో నూటికి నూరుపాళ్ళు స్వదేశీ సెట్టు తయారుచేశారు. డబ్బా మనది, రంగు మనది, మీద అంటించిన జెండా మనది. లోపలి చిప్పు మాత్రం సముద్రాలు దాటి రావాలి. గోరంతే కదా అని సారు దాన్ని పట్టించుకోలేదు.

పరీక్షకు యూనివర్సిటీ మైదానంలో షామియానా వేశారు. పెద్ద అధికారులు వచ్చారు. మన పద్ధతి ప్రకారం ముందు ఆయుధపూజ. సారు సెట్టు మూత తీయించి, చిప్పుకు కుంకుమ పెట్టి, దాని నెత్తినే కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళన్నీ లోపలికే. సెట్టు ఒక్కసారి చిటపటలాడి మౌనం వహించింది. నివేదికలో "ప్రకృతి వైపరీత్యం" అని రాసి వారం వాయిదా వేశారు.

కొత్త చిప్పు అడిగితే, అమ్మే దేశం ఏడాది ఆగమంది. సారు దగ్గర పనిచేసే నా మనవరాలు శైలజ చిప్పు కోసం మా ఇల్లంతా వెతికింది.

"నానమ్మా, మన వాషింగ్ మెషిన్‌ల గసొంటి చిప్పే ఉన్నది. తీస్కపోనా?"

"తీస్కపో బిడ్డా. దిలీప్ కోసమేనాయె. బట్టలు చేతుల్తోనే ఉతుకుత."

సెట్టు పలికింది. నా మెషిన్‌కు శాలువా కప్పారు. "మన మేధస్సు ముందు ప్రపంచం తలవంచింది" అని సారు గంటసేపు ఉపన్యసించారు. అధికారులు మెచ్చి, అలాంటివి వెయ్యి కావాలన్నారు.

మర్నాడు ఆటోకు మైకు కట్టి తార్నాక, లాలాపేట్, సీతాఫల్‌మండి గల్లీలన్నీ తిరిగాం. "మాతృభూమికి ఒక మెషిన్" అనగానే డాబాల మీద జెండాలు ఊగాయి. మా పక్కింటి భాగ్య చేతిలోనూ ఒకటుంది.

"మా ఇంట్ల మెషిన్ ఏడిది పెద్దమ్మా? చేతుల్తోనే ఉతుకుతున్నం" అంది. ఆమె వెనక దుప్పటి కప్పిందేదో గదంతా అదిరేలా తిరుగుతోంది.

"మరి గా చప్పుడేంది?"

"అది ఫ్రిజ్జు."

"ఫ్రిజ్జుల గూడ ఉంటదట గా చిప్పు."

భాగ్య తలుపు వేసుకుంది, జెండా మాత్రం బయటే ఉంచి. మిగతా ఇళ్ళూ అంతే.

తయారైన ఒక్క సెట్టును, శాలువాతో ఉన్న నా మెషిన్ పక్కనే, అద్దాల పెట్టెలో పెట్టారు. ఫొటోలు బాగా వస్తున్నాయి.

నిన్న దిలీప్ ఫోన్ చేశాడు. "మంచు మొదలైంది నానమ్మా. సెట్లు ఎప్పుడొస్తయి?"

"వస్తయి బిడ్డా. గంతవరకు నడుములకు తాడు కట్టుకొని పోండ్రి."

ఇది గుర్తుపెట్టుకుని పదిమందికి చెప్పండి. మీ చేతుల్లోని ఫోన్లలోనూ అలాంటి చిప్పే ఉందట. దాచుకోనక్కర్లేదు, నేను అడగను. నోటితో చెప్పండి చాలు.