తడితే తెరుచుకునే బీరువా

ఆ సోమవారం ముస్తాక్ అహ్మద్ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే రెండు బీరువాలకు ఆకుపచ్చ రంగు కొట్టేసి, మధ్యాహ్నం అన్నం తిని, ఒక కునుకు తీయాలి. మార్కాపురంలో ముప్ఫై ఏళ్ళుగా ఇనప బీరువాలు చేస్తున్న మనిషికి ఇది పెద్ద కోరికేమీ కాదు. ఆ రెండూ అమ్ముడుపోతాయన్న ఆశ కూడా అతనికి లేదు. జనం ఫోన్లో చూసి, అట్టపెట్టెల్లో వచ్చే చెక్క బీరువాలు తెప్పించుకుంటున్నారు. నెలాఖరుకి దుకాణాన్ని సెల్‌ఫోన్ల కాటమరాజుకి అద్దెకిచ్చేసి ఇంట్లో కూర్చుందామని దాదాపు నిశ్చయించుకున్నాడు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలో మాత్రం తోచేది కాదు.

రంగు డబ్బా మూత తీశాడో లేదో, కూతురు ముబాషిరా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగింది. దుకాణానికి వెబ్‌సైటు పెట్టింది ఆమే. పోయిన నెల మొత్తమ్మీద దాన్ని పదకొండుసార్లు తెరిచారు. అందులో తొమ్మిదిసార్లు తెరిచింది కూడా ఆమే.

"అబ్బాజీ, వచ్చినోళ్ళు మూడు సెకండ్లు గూడా నిలబడట్లేదు. చదివేదానికి ఏమన్నా ఉండాల గదా! ఉన్నది తీసేసి కొత్తగా రాద్దాం."

"ఇప్పుడేం రాసినావు?"

ఆమె గొంతు సవరించుకుని చదివింది. "అత్యున్నత నాణ్యత, అత్యాధునిక డిజైన్లు, మీ విలువైన వస్తువులకు తిరుగులేని భద్రత."

ముస్తాక్ బ్రష్షు కింద పెట్టాడు. "ఏంది ఇది? నా బీరువాల గురించేనా?"

సరుకులో లోపముంటే అమ్మకముందే చెప్పెయ్యాలని, దాచిపెట్టి అమ్మితే ఆ సంపాదనలో బర్కత్ ఉండదని, అది వృద్ధిలోకి రాదని ముస్తాక్ వాళ్ళ నాయన చెప్పేవాడు. కొడుకు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. బీరువాను ఆటోకెక్కించే ముందు, కొన్న మగమనిషిని పక్కకు పిలిచి, లోపాలన్నీ వరసగా అప్పజెప్పి, అప్పుడు తాళంచెవి చేతిలో పెట్టేవాడు. కొందరు సగం వినగానే వెళ్ళిపోయేవారు. అందుకే అతనికి ఊళ్ళో మంచి పేరుంది, మేడ లేదు.

"నేను చెప్తా, నువ్వు రాసుకో," అన్నాడు.

ముబాషిరా రాసుకుంది. "పై అర మరీ ఎత్తు, పొట్టివాళ్ళకు స్టూలు కావాలి. వానాకాలంలో తలుపు అరుస్తుంది, కొబ్బరినూనె వేస్తే రెండ్రోజులు ఊరుకుంటుంది. అద్దంలో మనిషి కొంచెం లావుగా కనిపిస్తాడు, నిజంగా లావైతే అది మా తప్పు కాదు." చివరిది ఇంకా పెద్ద లోపం. "పోయిన ఏడాది దాకా మేం చేసిన బీరువాలకు తాళంచెవి పోయినా కంగారు పడొద్దు. పిడికి జానెడు కింద అరచేత్తో గట్టిగా ఒక్కటి కొట్టి తిప్పితే తెరుచుకుంటుంది. ఎందుకో మాకూ తెలియదు."

ముబాషిరా మురిసిపోయింది. దుకాణంలో కాగితాలు పెట్టుకునే పాత బీరువాను తండ్రి చేత కొట్టించి, వీడియో తీసి అది కూడా పెట్టింది. మధ్యాహ్నానికి నాలుగు వందల మంది చూశారు. పొద్దుగూకేసరికి నాలుగు వేలు. వీడియో గిద్దలూరు వాట్సాప్ గ్రూపుల్లోంచి కొనకనమిట్ల, దొనకొండల దాకా పోయింది.

"అబ్బాజీ, ఒక్కొక్కరు ఆరేసి నిమిషాలు మన పేజీలోనే ఉంటున్నారు!"

అంతసేపు చదువుతున్నారంటే నమ్మారన్నమాట అనుకుని ముస్తాక్ సంతోషించాడు. మగవాళ్ళు ఇంట్లో లేని సమయం చూసి, ఆడవాళ్ళు ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో బీరువాలు కొడుతున్నారని అతను ఊహించలేదు.

మొదటి ఫోను హరిబాబు చేశాడు. "ముస్తాక్ మామా, నా కొంప ముంచినావు గదా! దయామణి బీరువా తెరిచింది!"

"మీ ఆవిడే గదా నాయనా, దొంగలు గాదు గదా. ఏం పోయింది?"

"పోయేదేంది, దొరికింది! షుగరని ఆర్నెల్లుగా స్వీటు ముట్టలేదని ఒట్టేసినా. మూడు డబ్బాల మైసూర్‌పాక్ దొరికింది!"

రెండో ఫోను కొనకనమిట్లలో గొర్రెలున్న కొండలరావుది. అతని తల్లి పళ్ళసెట్టు రెండేళ్ళ కిందట కనబడకుండా పోయింది. ఇప్పుడది బీరువాలో దొరికిందట.

"అమ్మ పళ్ళు నువ్వెందుకు దాచినావు కొండలరావూ?"

"పళ్ళు లేకుంటే తిట్లు సగం అర్థమయ్యేవి గావు భాయ్, పానం హాయిగా ఉండేది. ఇప్పుడు పెట్టుకోని కూర్చుంది. రెండేళ్ళవీ ఒక్కసారే తిడతా ఉంది. ఒక్కొక్క అక్షరం వినబడతా ఉంది!"

మర్నాడు షట్టరు ఎత్తేసరికి పదకొండు మంది మగవాళ్ళు ముఖాలు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ తరఫున హరిబాబు మాట్లాడాడు. "లోపం నాకు చెప్పినావు, నేనిన్నా. అంతటితో అయిపోయింది గదా మామా! ఊరంతా ఎందుకు చెప్పినావు?"

ముస్తాక్ నిజంగానే బాధపడ్డాడు. నిజం చెబితే ఇన్ని సంసారాలు కదులుతాయని అతను కలలో కూడా అనుకోలేదు. వీడియో తీసెయ్యమని కూతురితో చెప్పాడు.

"తీసి ఏం లాభం అబ్బాజీ? అందరి ఫోన్లలో ఉంది."

"అట్లయితే తాళాలే మారుస్తా. నా తప్పుకు మీరు ఖర్చు పెట్టుకోబాకండి," అని పనిముట్ల సంచీ మోపెడ్‌కు తగిలించుకుని ముందుగా హరిబాబు ఇంటికే వెళ్ళాడు.

దయామణి గడపలో అడ్డంగా నిలబడింది. "ఏం పని మీద వచ్చినావు అన్నా?"

"బీరువా బాగుచేద్దామని తల్లీ."

"ఇన్నాళ్ళకు అది నిన్ననే బాగయింది. దాని మీద చెయ్యేసినావంటే మాత్రం మర్యాదగా ఉండదు!"

రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో మంచినీళ్ళిచ్చి మరీ పంపేశారు. తాళం ఒక్కటీ మార్చకుండా ముస్తాక్ తిరిగొచ్చేసరికి దుకాణం నిండా ఆడవాళ్ళు. అతని స్టూలు మీద కొండలరావు తల్లి కూర్చుని వేయించిన బఠాణీలు పటపటా నములుతోంది. ముబాషిరా ఆర్డర్లు రాసుకుంటోంది. అప్పటికే ఇరవై మూడు.

"నా చిన్నకొడుకు ఇంటికి గూడా ఒకటి కావాల నాయనా," అంది ముసలామె. "కొడితే తెరుచుకునేదే ఇయ్యి. వానికేమన్నా తెలిసిందో, నీకూ నాకూ గొడవైతాది."

ముస్తాక్ కూతురు రాసుకున్న లెక్క చూశాడు. ఏడాది మొత్తమ్మీద ఇన్ని ఆర్డర్లు చూసి ఎరగడు. ఊరుకుంటే చాలు, దుకాణం నిలబడుతుంది. కానీ ఊరుకోవడం అతనికి చేతకాలేదు.

"అమ్మా, అబద్ధమెందుకు? పోయిన ఏడాది వేరే రకం తాళాలు తెప్పించినా. కొత్తవి కొట్టినా తెరుచుకోవు. తాళంచెవి ఉంటేనే."

ముబాషిరా పెన్ను ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు చెప్పులు వెతుక్కోసాగారు. ముస్తాక్‌కు ఏడుపు ఒక్కటే తక్కువ.

కొండలరావు తల్లి బఠాణీలు నమలడం ఆపింది. "ముప్ఫై ఏళ్ళుగా చేస్తుండావు. ఒక్క లోపం చెయ్యడం చేతగాదా నాయనా?"

ఆ మాట ముస్తాక్ పనితనానికి సూటిగా తగిలింది. అక్కడికక్కడే పాత బీరువా తలుపు విప్పి, తాళం బయటికి తీసి ముందు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఏ లోపాన్ని వదిలించుకోవాలని చూశాడో, దాన్నే కొత్త బీరువాకు ఎక్కించడానికి సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు. స్ప్రింగులు మార్చాడు, కోశాడు, వంచాడు, కొట్టి కొట్టి అరచెయ్యి వాచింది. చివరికి సాయంత్రపు అసర్ నమాజు నుంచి వచ్చి ఒక్కటి కొట్టేసరికి తలుపు పళ్ళికిలించినట్టు తెరుచుకుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ముస్తాక్ ముఖంలో ఆ రోజు కనిపించిన ఆనందం ముబాషిరా చిన్నప్పటి నుంచీ చూడలేదు.

నెలాఖరుకి కాటమరాజు అద్దె మాట్లాడదామని వచ్చి, భార్య చెప్పి పంపిన బీరువాకు కొలతలిచ్చి వెళ్ళాడు. వెబ్‌సైటు జోలికి ఇక పోవద్దని ముబాషిరా బతిమాలింది. తండ్రి వినలేదు. కొన్నవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పి తీరాలన్నాడు.

"రాసుకో," అన్నాడు వాచిన అరచెయ్యి రుద్దుకుంటూ. "లోపం: ఈ బీరువాలు అప్పుడప్పుడూ ఎంత కొట్టినా తాళంచెవి లేకుండా తెరుచుకోవు."