సుద్దముక్కతో గీసిన గది

బడికి బయలుదేరే ముందు అస్కలె హాల్లో మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద సుద్దముక్కతో ఒక గది గీసింది. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. కిటికీ లోపలికొచ్చేలా ఒక గోడ, దానికి పైకప్పు దాకా అల్మరా, కింద రాసుకునే బల్ల. తలుపు ఉండాల్సిన చోట చిన్న గుండ్రం చుట్టి, పక్కన ‘గడియ’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

సర్కారు లాటరీలో అడిస్ అబాబా ఊరి చివర ఆ నాలుగో అంతస్తు ఫ్లాటు తగిలి పదకొండేళ్లయింది. ఒక పడకగదిలో అత్తగారు, కవల పిల్లలు. రెండోది ఆలుమగలది. కానీ బాల్కనీకి దారి అందులోంచే కాబట్టి, మిరపకాయలు ఆరబెట్టడానికీ, తిరగేయడానికీ, మబ్బు పడితే ఎత్తడానికీ అత్తగారు ఏ వేళనైనా వచ్చేవారు. తలుపు తట్టడమంటే పరాయివాళ్లు చేసే పని అని ఆవిడ నమ్మకం. లెక్కల టీచరైన అస్కలె ఈ పదకొండేళ్లూ పరీక్ష పేపర్లు దిద్దింది స్నానాలగదిలో, బోర్లించిన బకెట్ మీద. అక్కడా ప్రశాంతత లేదు. బకెట్ కావాలని ఎవరో ఒకరు తలుపు బాదేవారు.

వడ్రంగి షిఫెరా రెండు నెలలు తిప్పించుకుని ఇచ్చింది ఈ ఒక్క రోజే. రేపు పొద్దున్నే సొంత ఊరికి పోతాడు. ఈరోజు కోసిన చెక్కే చెక్క, నిలబెట్టిన గోడే గోడ. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న భర్త దెజెనెను నిలబెట్టి అస్కలె మరీ మరీ చెప్పింది.

"ఈ గీతల మీద ఎవర్నీ కాలు పెట్టనీయకు. షిఫెరా వస్తే ఇవే కొలుచుకోమను. నీ బుర్ర మాత్రం వాడకు."

పరీక్ష కాపలా ముగించుకుని ఆమె మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి మెట్లు దిగ్బంధమయ్యాయి. ముందు ఒక బెంచీ, వెనక ఇంకో బెంచీ, ఆ వెనక ఒక గుండిగ మెట్లెక్కుతున్నాయి. గుండిగ కింద రెండు కాళ్లు కనిపించాయి. ఇన్ని సామాన్లు కదిలాయంటే కాలనీలో ఎవరో పోయినట్టే. చావు ఇంటికి డేరా, బెంచీలు, వంటపాత్రలు అందించేది అరవై రెండు ఇళ్లవాళ్లు కలిసి నడుపుకునే ఇడిర్ సంఘమే. అస్కలెకు ముందు అత్తగారే గుర్తొచ్చారు. అత్తగారి మీద ఎంత కోపమున్నా, అలా జరగాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఎవరు పోయారు?" అని గోడకు ఒదిగి అడిగింది.

"ఎవరూ పోలేదు టీచరమ్మా. ఇవన్నీ మీ ఇంటికే" అన్నాయి గుండిగ కింది కాళ్లు.

హాల్లో అడుగుపెట్టగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సుద్దగీతలు లేవు. వాటి బదులు గోడ మూలకు ఊడ్చిన పచ్చగడ్డి కుప్ప, వేయించిన కాఫీగింజల వాసన, ఆమె గీసినదానికి రెట్టింపు గది. చెక్కగోడలు అప్పుడే లేచి నిలబడ్డాయి. రాసుకునే బల్ల లేదు. తలుపు వీధి గుమ్మం వైపు తిరిగి ఉంది. కిటికీ ఒక్కటి మాత్రం లోపలికొచ్చింది, అదీ షిఫెరాకు దాన్ని తప్పించడం చేతకాక.

జరిగింది దెజెనె నోట ముక్కలు ముక్కలుగా రాలింది. వడ్రంగి వచ్చాడని అత్తగారు జెనెబెచ్ కాఫీకి కూర్చున్నారు. ఇంట్లో కొత్త పని మొదలుపెడుతూ కాఫీ కాచకపోతే నలుగురూ ఏమనుకుంటారు? కాఫీ అంటే నేల మీద పచ్చగడ్డి పరవాలి. ఆవిడ గడ్డిని శుభ్రంగా కడిగి, తడితడిగా, సరిగ్గా అస్కలె గది మీద పరిచారు.

"నువ్వు కాలు పెట్టనీయొద్దన్నావు. ఎవరూ పెట్టలేదు. గడ్డే పరిచారు" అన్నాడు దెజెనె.

కాఫీకి పక్కింటి యెషి వచ్చింది, ఇడిర్ పెద్ద మెకురియా వచ్చారు. గడ్డి ఊడ్చాక చూస్తే గీతలు తడికి చెరిగిపోయి ఉన్నాయి. షిఫెరా టేపు పట్టుకుని బిక్కమొహం వేశాడు. అప్పుడు అందరికీ సాయం చేయాలన్న బుద్ధి పుట్టింది. తెఫ్ పిండి బస్తాలు పట్టాలని అత్తగారు ఒక గోడ ముందుకు జరిపారు. ఇంజెరా రొట్టెలు కాల్చే పెద్ద పెనం పట్టాలని యెషి ఇంకో గోడ జరిపింది. ఇంతకీ ఈ గది దేనికని మెకురియాగారు అడిగారు.

దెజెనెకు చిక్కు అక్కడే వచ్చింది. మా ఆవిడకు తలుపేసుకుని కూర్చోవాలని ఉంది అని నలుగురిలో ఎలా చెబుతాడు? ఇంట్లో ఏదో గొడవ అనుకోరూ? అందుకని నీళ్లు నమిలి, సామాన్ల గది అన్నాడు. ఎవరి సామాన్లన్నది చెప్పలేదు. గేటు పక్కన రేకుల షెడ్డు కారిపోయి ఇడిర్ గుండిగలు తుప్పు పడుతున్నాయని రెండేళ్లుగా గొంతు చించుకుంటున్న మెకురియాగారి కళ్లు చెమర్చాయి. ఈ కుటుంబం అడక్కుండానే చోటిస్తోందని లేచి నిలబడి దీవించారు. అది కాఫీలో మూడో కప్పు, దీవెన కప్పు. మూడో కప్పు మీద పెద్దవాళ్లు దీవించిన మాటను వెనక్కి తీసుకున్న ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

"కాదని చెప్పడానికి నోరు లేదా నీకు?" అంది అస్కలె.

"నోట్లో కాఫీ ఉంది" అన్నాడు దెజెనె.

షిఫెరా మేకులు సర్దుకుంటూ, చెక్క కోసేశానమ్మా, అతికించడం నా వల్ల కాదు అన్నాడు. అప్పటికి పదిహేడో బెంచీ లోపలికొచ్చింది. యెషి దాని మీద కూర్చుని, గది ఎంత బాగా కుదిరిందో అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుతో అస్కలెకు పదకొండేళ్ల కోపం కట్ట తెగింది.

"ఇది గుండిగల గది కాదు, నా గది. నాకోసం గీసుకున్నాను. ఒక తలుపు, ఒక గడియ. రోజుకో గంట నన్నెవరూ పిలవకుండా, నా మొహం ఎవరూ చూడకుండా కూర్చోవాలి. పిల్లల పేపర్లు కక్కసులో దిద్దుతున్నాను నేను."

గుండిగ మోసుకొచ్చినవాడు దాన్ని దింపాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు.

"తలుపా? ఇంట్లో ఉన్నది మనమేగా. ఎవరి నుంచమ్మా?" అన్నారు జెనెబెచ్, నిజంగానే అర్థం కాక.

ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఇంకో పదకొండేళ్లు సాగుతుందని అస్కలెకు తెలుసు. మెకురియాగారు ఇబ్బందిగా దగ్గి, మాట మార్చడానికి నిబంధనల పుస్తకం తీశారు. గది సంగతి అయిపోయింది, ఇక తాళం ఎవరి దగ్గరుంటుందో రాసుకుందాం, దెజెనె పేరు రాయనా అన్నారు. ఆ వెంటనే అలవాటు కొద్దీ నియమం చదివారు.

"తాళం ఒక్కరి చేతిలోనే ఉండాలి. వారు తప్ప, ఆ ఇంటివారితో సహా, ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. అతిక్రమించినవారి ఇంటి చావుకు సంఘం కదలదు."

అస్కలె చేతిలోని పేపర్ల కట్ట కింద పెట్టింది.

"ఇంకోసారి చదవండి మెకురియాగారూ. మా అత్తయ్యకు వినబడేట్టు."

ఆయన చదివారు. జెనెబెచ్ ప్రతి మాటా విన్నారు. ఆవిడకు ఈ లోకంలో ఒకటే భయం, తన శవం వెనక జనం పలచగా నడుస్తారేమోనని. తెఫ్ బస్తాల ఊసు ఆవిడ మళ్లీ ఎత్తలేదు. యెషి కూడా ఇంజెరా పెనం సంగతి మరచిపోయి మెల్లగా బెంచీ మీంచి లేచింది.

"నా పేరు రాయండి" అంది అస్కలె. తర్వాత షిఫెరా వైపు తిరిగింది. "వెళ్లే ముందు ఒక గడియ బిగించు. లోపల వైపు."

"సామాన్ల గదికి లోపల గడియ ఎందుకమ్మా?"

"ఎవరూ అడుగు పెట్టకూడదని ఇప్పుడేగా చదివారు" అంది అస్కలె. మెకురియాగారు ఆలోచించి, అదీ నిజమేనన్నారు.

సాయంత్రానికి బెంచీలు నిలువునా గోడకు చేరాయి, చిన్న గుండిగలు పెద్దవాటిలో ఒదిగాయి, డేరా మడతపడి మెత్తగా మూల చేరింది. కిటికీ దగ్గర ఒక మనిషికి చోటు మిగిలింది. అస్కలె లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. అన్నిటికన్నా పెద్ద గుండిగను బోర్లించి దాని మీద కూర్చుంది. బకెట్ కన్నా ఎత్తుగా, నడుముకు హాయిగా ఉంది. ఒక బెంచీ పడుకోబెట్టి దాని మీద పేపర్లు పరిచి ఎర్రకలం తీసింది. బయట జెనెబెచ్ తలుపు దాకా వచ్చి, చెయ్యెత్తి, దించేసి, బాల్కనీ వైపు వెళ్లిపోయారు. పదకొండేళ్లలో మొదటిసారి అస్కలె నలభై పేపర్లు ఏకబిగిన దిద్దింది. లెక్క తప్పిన పిల్లలకు కూడా ఆ రోజు ఒకటో రెండో మార్కులు ఎక్కువే పడ్డాయి.

గుండిగలు బయటికి తీయాల్సింది కాలనీలో ఎవరైనా పోతేనే. అందుకని ఆ అరవై రెండు ఇళ్లవాళ్లూ, అత్తగారితో సహా, నిండా నూరేళ్లు బతకాలని ప్రతి ఆదివారం అస్కలె అంత మనస్ఫూర్తిగా మొక్కుకునే మనిషి వాళ్ల చర్చిలో ఇంకొకరు లేరు.