లేవలేని ఓటు

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్ పథకం చాలా చిన్నది. పాపను బడిలో దింపాలి, మీటింగులో చెయ్యెత్తాలి, పనిలోకి పోవాలి. ఆ పథకమైనా అతనిది కాదు, భార్యది.

"మీరు నోరు విప్పితే అయ్యే పని కూడా కాదు. బడి సంస్థకి ఇవ్వొద్దు అన్నప్పుడు చెయ్యెత్తండి, చాలు" అంది ఆమె, ఆస్పత్రి డ్యూటీకి చెప్పులేసుకుంటూ.

పిల్లల తల్లిదండ్రులే సంఘం పెట్టుకుని నడుపుకుంటున్న చిన్న బడి అది. పాత అధ్యక్షుడు తప్పుకున్నాక ఆ బరువు నెత్తికెత్తుకునే నాథుడు దొరకలేదు. అందుకే బడిని ఒక సంస్థకు అప్పగించాలా వద్దా అని ఓటింగు పెట్టారు. సంస్థ వస్తే సొంత టీచర్లను తెచ్చుకుంటుంది, ఇప్పుడున్న పెద్ద టీచరు ఇంటికి పోతుంది. మెకానిక్ కూతురు ఇంట్లో వాగుడుకాయ, గడప దాటితే మూగనోము. బయట ఆ పిల్ల మాట్లాడేది పెద్ద టీచరు ఒక్కదానితోనే, అదీ చెవిలో. ఆమె పోతే ఆ గుసగుస కూడా పోతుందని మెకానిక్ భయం.

మీటింగు పిల్లల గదిలోనే. ఆలస్యంగా వచ్చినవాడికి మిగిలింది చేతులున్న బుల్లి ఎర్ర కుర్చీ. అతనేమో భారీ మనిషి. మొహమాటపడకుండా పూర్తిగా కూర్చున్నాడు. నడుము దగ్గర ఏదో గట్టిగా బిగుసుకుంది.

సంఘం కార్యదర్శి ఒక పిల్లాడి తాతగారు. అందరూ రూల్సు తాతగారంటారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "చేతులెత్తే పద్ధతి రద్దు! పోయినసారి కొందరు రెండేసి ఎత్తారు. సంస్థ వద్దనేవాళ్ళు లేచి నిలబడండి. కావాలనేవాళ్ళు కూర్చునే ఉండండి."

మెకానిక్ లేవబోయాడు. కుర్చీ కూడా లేవబోయింది. సిగ్గుతో మళ్ళీ కూలబడ్డాడు.

"అన్నయ్యగారూ, లేవండి!" అంది పక్కనే లేచి నిలబడ్డ పక్కింటావిడ, పళ్ళ బిగువున.

"లేవలేనమ్మా."

"ఏం, ఎందుకని?"

పదిమందిలో ఏమని చెబుతాడు? "తర్వాత చెప్తాను" అన్నాడు.

ఆ మాట గదంతా పాకింది. "ఈ బిల్డింగు లిఫ్టు చూసేది ఆయనే. ఏదో తెలిసే లేవట్లేదు" అన్నాడొక తండ్రి. "పైకప్పు సంగతేమో!" అంది వెనకనుంచి ఒక తల్లి. రెండు వరుసలు దాటేసరికి పైకప్పు కూలడానికి సిద్ధంగా ఉంది. "అయితే ఆ ఖర్చేదో సంస్థే పెట్టుకోనీ" అంటూ నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కూర్చోసాగారు. సంస్థ మేనేజరు మెకానిక్ వంక చూసి ఆప్యాయంగా నవ్వాడు. గుమ్మంలో పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డ పెద్ద టీచరు తల దించుకుంది.

అది చూసి మెకానిక్ మళ్ళీ సగం లేచాడు.

"అటూ ఇటూ సమానం. మీరు లేస్తున్నారా, కూర్చుంటున్నారా?" అన్నాడు తాతగారు, లెక్క ముగించి.

పోతే పరువే కదా అనుకుని మెకానిక్ నిటారుగా నిలబడ్డాడు. వెనక ఎర్ర కుర్చీ వేలాడింది. ఎవరూ నవ్వలేదు. ఓటు ముఖ్యం.

"కుర్చీలో ఉన్నారు కాబట్టి కూర్చున్నట్టే!" అన్నాడు మేనేజరు.

"కాళ్ళమీద ఉన్నారు కాబట్టి నిలబడ్డట్టే!" అంది పక్కింటావిడ.

తాతగారు రూల్సన్నీ తిరగేశాడు. కుర్చీతో సహా లేచిన మనిషి ఊసు ఎక్కడా లేదు. చివరికి ఆయన కలం మూత తీసి "కూర్చున్నట్టే..." అని రాయబోయాడు.

"మా నాన్న నిలబడ్డాడు! కుర్చీయే కూర్చుంది!"

గుమ్మంలోంచి, గదంతా వినిపించేలా. ఆ గొంతు అక్కడ ఎవరూ ఎన్నడూ విన్నది కాదు. పెద్ద టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెకానిక్ కళ్ళు చెమర్చాయి.

తాతగారు కలం మూత పెట్టేశాడు. "నిలబడ్డట్టే."

"మరి పైకప్పు?" అన్నారెవరో.

"కప్పుకేం, రాయిలా ఉంది. ఇరుక్కుంది నేను" అన్నాడు మెకానిక్. కూర్చున్నవాళ్ళు సిగ్గుపడి లేచారు. మేనేజరు సంచీ సర్దుకున్నాడు.

"మరి అధ్యక్షుడెవరు? ఇంత జరిగినా నిలబడింది ఈయనే!" అంది పక్కింటావిడ. అందరూ చప్పట్లు కొట్టారు. మెకానిక్ వద్దనబోయి, నోరు విప్పవద్దన్న భార్య మాట గుర్తొచ్చి ఊరుకున్నాడు. మౌనం అంగీకారమని తాతగారు రాసేసుకున్నాడు.

తర్వాత నలుగురు పట్టి లాగారు. కుర్చీ వదిలించుకోవడానికి అంత తంటాలు పడ్డ అధ్యక్షుడు ఆ సంఘానికి అతనొక్కడే.