జాకీ వీల్ కింద చపాతీ పీట

"నా చపాతీ పీట ఏదండీ?"

"ఇసుకలో చక్రం దిగబడుతోందని కింద పెట్టాను. పీటే కదా, ఎందుకంత రాద్ధాంతం!" అన్నారు మావారు ఆనందరావుగారు.

ఇంటికో కారవాన్ ఉంటే సంసారాలు బాగుపడతాయని నా గట్టి నమ్మకం. నవ్వకండి!

మేముండే గల్ఫ్ ఊరు అల్ ఖోర్ నుంచి సొంతదేశం వెళ్ళిపోతున్న ఓ ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర ఈ చక్రాల ఇల్లు కొన్నాం. దానికి రెండు జతలుగా నాలుగు పెద్ద చక్రాలు. ముందు, కారుకి తగిలించేచోట, సన్నని గొట్టానికి అరచెయ్యంత చక్రం. అదే జాకీ వీల్. చేత్తో నెట్టి పక్కకి తిప్పబోతే ఆ నాలుగూ మొండికేస్తాయి. బాధంతా ఈ బుల్లిదానికే!

కారుతోనే వెనక్కి నడపొచ్చుగా అంటారా? నడిపారు. కాంపౌండ్ గోడకి రెండుచోట్ల కిటికీలు పడ్డాయి. అప్పట్నుంచీ మనుషుల బలమే.

ఎంత మేలు జరిగిందో చూడండి! శుక్రవారం వస్తే ఎనిమిదిమంది మగవాళ్ళు చేరతారు. ఒకరు "లెఫ్ట్!" ఒకరు "యల్లా, పదండి!" ఇంకొకరు "అరే, రుకో!" ఇంత ఐకమత్యం ఇంకెక్కడుంది? పొట్టలు తగ్గాయి. నాకు ముప్ఫై కప్పుల టీ పెట్టే భాగ్యం కలిగింది. ఆరునెలల్లో మూడు జాకీ వీల్స్ వంగాయి. అల్ రువైస్ సముద్రం చూస్తానన్న మా పాప అమ్ము మాత్రం, బకెట్టూ పారా పట్టుకుని కారవాన్‌లోనే ఆడుకుంటోంది.

ఆ రోజు నాలుగోదీ వంగింది. పీట రెండు ముక్కలైంది.

ఎదురింటి హౌస్ డ్రైవర్ ఖాసీం, కడప మనిషి, చూసి ఆగాడు. "ఏంది సార్, అంత బరువు ఈ బుడ్డ చక్రం మింద ఏస్తే తట్టుకుంటాదా? కారు తగిలిచ్చి ఎనక్కి పోనీండి. ఒకరు స్టీరింగ్ కాడ, డ్రైవింగ్ తెలిసినోళ్ళు ఇంకొకరు ఎనకాల నిలబడి చెప్తా ఉంటే సాలు."

"మా ఇంట్లో డ్రైవింగ్ వచ్చింది నాకొక్కడికేనోయ్!"

"మేడమ్ నేర్చుకోల్యా సార్?"

మేడమ్ లైసెన్సు దరఖాస్తు రెండేళ్ళుగా సార్ సొరుగులోనే ఉంది. భర్త సంతకం కావాలి. "నీకెందుకా శ్రమ, నేను లేనూ?" అంటారు. నిజమే, ఉన్నారు, డ్యూటీలో! అమ్ముకి జ్వరం వచ్చినా, ఆయన వచ్చేదాకా గుమ్మంలో నిలబడే ఓర్పు నాకు అలా అబ్బిందే!

మధ్యాహ్నం భోజనాల దగ్గర, "చపాతీల్లేవా?" అన్నారు.

"పీట డ్యూటీలో పోయిందండీ."

సగం పీట ఆయన కంచం పక్కన పెట్టి, దానిమీద దరఖాస్తూ పెన్నూ ఉంచాను. "రేపే డ్రైవింగ్ స్కూల్లో చేరుతున్నాను. లైసెన్సు వచ్చేదాకా ఆ బండి అంగుళం కదలదు. వచ్చాక స్టీరింగ్ నాది. మీరు వెనకాల నిలబడి చెప్పండి."

"నీకు రివర్స్ వస్తుందా?"

"గోడ ఇంకా చాలానే మిగిలుందిగా!"

అమ్ము పెన్ను మూత తీసి అందించింది.

సంతకం పడింది. దానికి ఎనిమిదిమంది మగవాళ్ళు గానీ, ముప్ఫై కప్పుల టీ గానీ అవసరం పడలేదు!