రెండద్దాల మధ్య చెమ్మకు వారంటీ లేదు

పాడైపోయిన కిటికీని మించిన భాగ్యం ఇంకోటి లేదు!

నవ్వకండి. నిజంగానే చెబుతున్నాను. అయితే అది మామూలు కిటికీ కాకూడదు. డబుల్ గ్లేజ్డ్ కిటికీ అయి ఉండాలి. ఒక అద్దం వెనక ఇంకో అద్దం, రెంటి మధ్యా కాస్త సందు, చుట్టూ గాలి దూరకుండా సీలు. వీధిలో మోత, దుమ్ము, చలి ఏవీ మీ గడప తొక్కవని ఒట్టేసి మరీ అంటగడతారు చూడండి, అదన్నమాట. అలాంటి కిటికీ పాడైతే మనిషి ఎంత బాగుపడతాడో తెలియాలంటే ముఖ్యంగారి సంగతి వినాలి.

ముఖ్యంగారంటే ఎక్కడో పెద్ద పదవిలో ఉన్నాయన అనుకునేరు! వాషింగ్ మెషీన్ల కంపెనీలో కస్టమర్ కేర్ ఉద్యోగి. చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని పొద్దస్తమానం "మీ సమస్య మాకు చాలా ముఖ్యం అండీ" అనడం ఆయన పని. అనీ అనీ ఆ ముక్క నాలుకకి అతుక్కుపోయింది. లిఫ్టులో ఎవరైనా కాలు తొక్కారని అరిచినా అదే అంటాడు. దాంతో వీధి వీధంతా కలిసి ఆయనకి ఆ పేరు ఖాయం చేసేసింది.

ఆయన భార్య టైలరు. ముందుగదిలో పెద్ద కిటికీ కింద మిషను వేసుకుని హోటళ్లలో పనిచేసేవాళ్లకి కోట్లు కుడుతుంది. అసలు ఆ ఇల్లు తీసుకున్నదే ఆ కిటికీలోంచి వచ్చే వెలుతురు చూసి. పక్కనే మోటార్‌సైకిళ్లు బాగుచేసే షాపు ఉండటంతో, ఆ రొద భరించలేక ముఖ్యంగారే పట్టుబట్టి ఇంటినిండా రెండద్దాల కిటికీలు పెట్టించాడు. కొన్నాళ్లు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఆయన టీ ఊదుకుని తాగే చప్పుడు ఆయనకే ఎబ్బెట్టుగా వినిపించేది.

ఆ తర్వాత ఒక చలి పొద్దున చూస్తే పెద్ద కిటికీ మసకబారి ఉంది. భార్య గుడ్డ పెట్టి తుడిచింది. పోలేదు. బయటికెళ్లి అటువైపు తుడిచింది. ఊహూఁ. చెమ్మ ఇటూ లేదు, అటూ లేదు. రెండద్దాల మధ్య, చెయ్యి దూరని చోట హాయిగా చేరి కూర్చుంది.

"ఏవండీ, కిటికీ లోపల ఆవిరి పట్టింది. వాళ్లకి ఒక ఫోన్ కొట్టండి."

"కొడదాం. నీ సమస్య నాకు ముఖ్యం," అన్నాడు ముఖ్యంగారు, షూ లేసు కట్టుకుంటూ.

ఇక చూసుకోండి, ఇంటికి పట్టిన అదృష్టం! కర్టెన్ల ఖర్చు తప్పింది. ఎదురింటావిడకి వీళ్ల ఇల్లు కనిపించదు, వీళ్లకి ఎదురిల్లు కనిపించదు. వీధిలో సగం తగువులు అక్కడే సద్దుమణిగాయి! బయట వానో ఎండో తెలియదు కాబట్టి ముఖ్యంగారు రోజూ గొడుగు పట్టుకెళ్లాడు. ఆ ఏడు జలుబే చేయలేదు. మబ్బులు చూడటానికి కొండలెక్కేవాళ్లని తలచుకుని జాలిపడ్డాడు. మనకి ముందుగదిలోనే కదా!

ఒక కిటికీని చూసి మిగిలినవీ నేర్చుకున్నాయి. పడగ్గది కిటికీ రెక్క ఒక పక్కకి కుంగింది. ఒక చేత్తో పైకెత్తి, మోకాలితో నొక్కి, ఊపిరి బిగబట్టి పిడి తిప్పితే గానీ మూతపడదు. ఇక జిమ్ ఎందుకండీ? వంటింటి కిటికీ పిడి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ఏ పనీ చేయదు. అంత అణకువ మనుషుల్లో ఎక్కడైనా చూశారా? దాని కింది చట్రంలో వాననీళ్లు నిలిచి దోమలు పిల్లల్ని పెట్టాయి. ఇంట్లో పెంపుడు ప్రాణులు ఉంటే మనసుకి ఎంత మంచిదో డాక్టర్లు చెబుతూనే ఉన్నారు!

భార్యకి మాత్రం ఈ సుఖం పడలేదు. ఒకనాడు ముఖ్యంగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ దబ్బనం పట్టుకుని వంటింటి కిటికీ చట్రాన్ని పొడుస్తోంది. నీళ్లు బయటికి పోవడానికి చట్రంలో చిన్న చిన్న కన్నాలుంటాయట. మట్టి కూరుకుపోయి మూసుకుపోయాయట. నాలుగు పోట్లతో నీళ్లన్నీ గుడగుడమంటూ పోయాయి. స్క్రూడ్రైవర్‌తో పిడి మరలు కూడా బిగించేసింది.

"కంపెనీవాళ్లు వచ్చేదాకా ముట్టుకోకూడదు. వారంటీ పోతుంది," అన్నాడు ముఖ్యంగారు కంగారుగా.

"వస్తారా?"

"నీ కంప్లైంట్ నమోదయింది."

నిజంగానే నమోదు చేశాడు లెండి. ఆ ఫోన్‌లో ముందు పాట వచ్చింది. తర్వాత ఒకటి నొక్కమన్నారు. నొక్కితే రెండు నొక్కమన్నారు. రెండు నొక్కితే మళ్లీ మొదటి పాట వచ్చింది. ఇంకొకరైతే ఫోన్ గోడకేసి కొట్టేవాళ్లు. ముఖ్యంగారు కళ్లు మూసుకుని విన్నాడు. వంటవాడు ఇంకొకడి వంట రుచి చూసినట్టు విన్నాడు. "ఎంత ఒడుపుగా తిప్పారో! మా దగ్గర ఇంత నైస్‌గా ఉండదు," అన్నాడు భార్యతో.

టెక్నీషియన్ వచ్చాడు. కిటికీకి ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి ఇంకొకడు వచ్చి ఇంకో ఫోటో తీసుకున్నాడు. పెళ్లికూతురికి కూడా అన్ని ఫోటోలు తీసి ఉండరు. చివరికి టై కట్టుకున్న మనిషి ఒకాయన వచ్చి అద్దం మీద వేలితో టకటక కొట్టి చూశాడు.

"అద్దానికి వారంటీ ఉందండి. ఫ్రేముకీ ఉంది."

"అయితే మార్చండి," అంది భార్య.

"అద్దం పగల్లేదు కదండీ. ఫ్రేమూ వంగలేదు. పాడైంది మధ్యలో ఉన్న గాలి. గాలికి వారంటీ ఉండదు."

ముఖ్యంగారు కుర్చీలోంచి చివాల్న లేచాడు. కొడతాడేమోనని భార్య చెయ్యి పట్టుకోబోయింది. ఆయన నేరుగా వెళ్లి టై మనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"మీరు ట్రైనింగ్ ఎక్కడయ్యారండీ?" అన్నాడు. ఆ గొంతులో అసూయ కూడా ఉంది.

గోడ కొట్టి, ఫ్రేముతో సహా కిటికీ మొత్తం కొత్తది పెట్టించుకుంటే కొత్త వారంటీ ఇస్తామని చెప్పి టై మనిషి వెళ్లిపోయాడు. ఆలోచిద్దాం అన్నాడు ముఖ్యంగారు. ఆలోచించడమంటే ఆయన భాషలో ఏమిటో భార్యకి తెలుసు. మిషను పక్కన ఒక లైటు తెచ్చి పెట్టుకుంది.

ఆ లైటే కొంప ముంచింది. పసుప్పచ్చ వెలుతురులో ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియలేదు. నీలం కోట్లన్నింటికీ నల్లదారం పడింది. హోటల్ మేనేజరమ్మ వాటిని ఎండలో ఆరుబయట పట్టుకు చూసి, మూటకట్టి వెనక్కి పంపింది. ఇన్నేళ్లలో ఆవిడ కుట్టిన బట్ట తిరిగి రావడం అదే మొదలు.

ముఖ్యంగారు ఇంటికొచ్చేసరికి భార్య నేల మీద కూర్చుని కుట్లు విప్పుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నీ తిరిగొచ్చేశాయండీ. ఇంకెవరికైనా ఇచ్చుకుంటామంది. నా చేతి పని మీద ఇంతవరకూ మాట రాలేదు."

ఏదో అనాలని ఆయనకీ ఉంది. కానీ నోరు తెరిస్తే ఏళ్ల తరబడి అలవాటైన మాటే ముందు దూకింది.

"నీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను."

భార్య తలెత్తి ఆయన్ని చూసింది. మళ్లీ కుట్లు విప్పుకోవడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకి అప్పుడనిపించింది.

మర్నాడు ఆఫీసులో సూపర్‌వైజర్ మేడమ్ ముఖ్యంగారి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరెలా మాట్లాడుతున్నారో వినడం ఆవిడకి రివాజు. ముఖ్యంగారి కాల్ అంటే ఆవిడకి చెవులకి విందు.

"మీ సమస్య మాకు చాలా ముఖ్యం. చెప్పండి మేడమ్."

"మా ఇంట్లో ఒకటి సరిగ్గా పనిచేయడం లేదండి."

ఆ గొంతు వినగానే ముఖ్యంగారికి చెమటలు పోశాయి. పక్కన మేడమ్ ఉంది. నోరు మాత్రం దాని దారిన అది పోయింది.

"ఏ మోడల్ మేడమ్?"

"పాతదే. పెళ్లినాటిది."

"సమస్య ఏంటి మేడమ్?"

"శబ్దం వస్తుంది. పని జరగదు."

సూపర్‌వైజర్ మేడమ్ మెచ్చుకోలుగా తలూపింది.

"ఎప్పట్నించి మేడమ్?" అన్నాడు ముఖ్యంగారు, హెడ్‌ఫోన్ సర్దుకుంటూ.

"ఎప్పట్నించో ఉన్నట్టుంది. నేనే గమనించుకోలేదు. ఇదివరకు నేను ఒక మాటంటే అది ఒక మాట అనేది. నవ్వేది కూడా. ఇప్పుడేం చెప్పినా ఒకటే పాట. నిన్న కష్టమొచ్చి ఏడుస్తూ చెప్పుకున్నాను. చింతిస్తున్నానంది. రిపేరుకి లొంగుతుందా, మార్చేయమంటారా? అదొక్కటీ చెప్పండి. ఇంట్లో అడిగితే ఎవరూ పలకడం లేదని ఇక్కడికి చేశాను."

ముఖ్యంగారు కీబోర్డు మీద ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కాడు. ఆయన తడబాటు చూసి, సాయం చేద్దామని సూపర్‌వైజర్ మేడమ్ ఒక చీటీ రాసి ముందుకి తోసింది. "పాతదిచ్చేసి కొత్తది తీసుకోమనండి. మంచి ఆఫర్ ఉంది."

ఆ చీటీ చదివి ముఖ్యంగారు హెడ్‌ఫోన్ ఊడబీకి చేత్తో పట్టుకుని, మైకులోకి అరిచినంత పని చేశాడు.

"మార్చకు! వద్దు. వచ్చేస్తున్నాను."

వచ్చేశాడు కూడా. సెలవు అడగలేదు, గొడుగు పట్టుకోలేదు. భార్య పెద్ద కిటికీ ముందు స్టూలు వేసుకుని నిలబడి ఉంది. అద్దం అంచున ఉండే ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఊడదీసి చేతిలో పెట్టుకుంది.

"ఇటు చూడండి. కోటు లైనింగ్ చిరిగితే కోటంతా పారేస్తానా? లైనింగ్ మారుస్తాను. ఈ పట్టీలు తీసేస్తే అద్దాల జత మొత్తం బయటికొస్తోంది. ఫ్రేము జోలికి, గోడ జోలికి పోనక్కర్లేదు."

"వారంటీ..." అనబోయి ముఖ్యంగారు నాలిక కరుచుకున్నాడు. స్టూలు కదలకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "నిన్న నేనన్న మాట... అది నేనన్నది కాదు," అన్నాడు.

"మరెవరన్నారు? ఎదురింటాయనా?"

"అంత బుద్ధిలేని మాట నేనే అన్నాను. సరేనా?"

భార్యకి నవ్వు ఆగలేదు. స్టూలు ఊగింది. ఇద్దరూ కలిసి కొలతలు తీసుకుని అద్దాల కొట్టుకెళ్లారు. కొట్టాయన పొడవు, వెడల్పు, మందం అడిగి, అదే కొలతకి సీలు వేసిన కొత్త జత చేయించి, వచ్చి బిగించి వెళ్లాడు. గోడ మీద సున్నం కూడా రాల్లేదు. పడగ్గది కిటికీ బందుకి ఒక మర ఉందనీ, దాన్ని తిప్పితే కుంగిన రెక్క లేస్తుందనీ భార్య చెబితే, ఈసారి నమోదు చేసుకోకుండా ముఖ్యంగారే తిప్పాడు. ముందు ఇంకాస్త కుంగింది. రెండోవైపుకి తిప్పేసరికి లేచింది.

వెలుతురు మళ్లీ మిషను మీద పడింది. భార్య రెండు దారపు ఉండలు ఆయన ముందు పెట్టింది.

"ఏది నలుపో చెప్పండి?"

ఆయన నీలం చూపించాడు. పాపం, అది కిటికీ తప్పు కాదు.

కోట్లకి సరైన దారం పడింది. మేనేజరమ్మ మళ్లీ ఎండలో పట్టి చూసి, ఈసారి మాట్లాడకుండా తీసుకుంది. ముఖ్యంగారు ఉద్యోగానికి వెళ్లాడు. చెప్పకుండా వెళ్లిపోయినందుకు పడాల్సిన చీవాట్లు పడ్డాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకావిడ ఫోన్ చేసింది. మెషీన్ తలుపు దగ్గర నీళ్లు కారుతున్నాయట. చంటిపిల్ల తల్లి. వంటింట్లో నేలంతా నీళ్లట. ముఖ్యంగారు చెప్పవలసింది ఏమిటంటే, ముందు మీ సమస్య మాకు ముఖ్యం. తర్వాత టెక్నీషియన్ వస్తాడు. ఆ తర్వాత తలుపు మొత్తం మార్చాలి, లేదా కొత్త మెషీన్. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, తలుపు చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. దాని మడతలో వేలు పెట్టి చూడండి. ఏమన్నా ఇరుక్కుందా?"

"అయ్యో! పాప మేజోడు!"

"తీసేసి, ఆ రింగు తుడిచి వెయ్యండి."

నీళ్లు ఆగిపోయాయి. ఆవిడ నోరారా దీవించింది. ఆఫీసులో మాత్రం పిడుగు పడింది! టెక్నీషియన్ వెళ్లలేదు, తలుపు అమ్మలేదు, పైగా కాల్ గట్టిగా ఊపిరి తీసుకునేంత సేపట్లో అయిపోయింది. ఇలాంటి మనుషుల్ని నలుగుర్ని పెట్టుకుంటే కంపెనీ గతేంగాను? సూపర్‌వైజర్ మేడమ్‌కి నిజంగానే కళ్లు చెమర్చాయి. ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు!

అందుకే చెబుతున్నాను, మీ ఇంటి కిటికీ మసకబారితే దిగులు పడకండి. కిటికీ పాడైతే మనిషి బాగుపడతాడు. బాగుపడ్డ మనిషికి మొదట్నించీ ట్రైనింగ్ ఇచ్చి మళ్లీ మామూలు చెయ్యడానికి కంపెనీలు ఎంత ఖర్చుకైనా వెనకాడవు. పట్టీ ఒకటి ఊడదీస్తే పోయేదానికి గోడ కొట్టమంటారే, మనుషుల విషయంలో మాత్రం ఎంత ఓపికో!

చంటిపిల్ల తల్లి తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. ఇంకో సందేహం ఉంది, ఆ మంచాయనకే ఇవ్వమంది. పక్క సీటు కుర్రది తీయగా జవాబు చెప్పింది.

"ఆయన్ని రిపేరుకి పంపించాం మేడమ్. పాత కండిషన్‌కి రాగానే మళ్లీ ఫోన్ దగ్గర కూర్చోబెడతాం."