ఈరమ్మ దోనెకు కవచధారణ

చెవులొగ్గండి సజ్జనులారా! ప్రమాది నామ సంవత్సర నిజజ్యేష్ఠ శుక్లపక్షాన, ఒకానొక ఆదివారం ఉదయం తొమ్మిది గంటల వేళ, మాదాపూర్ గుట్టల నడుమ కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ సూర్యబింబాన్ని వెయ్యి ముక్కలుగా ప్రతిఫలింపజేస్తుండగా, ఖాజాగూడ చెరువు పక్కనున్న అద్దె ఇంటి వాకిట, బోర్లించిన ఒక చెక్కదోనె చుట్టూ జరిగిన ఘోరసంగ్రామాన్ని వినిపిస్తాను.

ఆ దోనె సామాన్యమైనది కాదు. మేడలకు సెంట్రింగ్ కొట్టే యాదయ్య, స్లాబులు పోశాక పారేసిన ప్లైవుడ్ పలకలను ఏరి తెచ్చి, భార్య ఈరమ్మ కోసం నిర్మించిన జలరథం. రెండేళ్లు చేపలు మోసి మోసి, దాని అంచులు తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. చెరువులో వల వేసే వంతు ఈరమ్మకు నెలకొకసారి వస్తుంది. ఆ వంతు రేపే. దోనె మునిగితే వంతు పక్కవాళ్ల పాలు, మళ్లీ నెలదాకా ఎదురుచూపులు.

నెలనెలా తమ ఇంటికి చేపలు తెచ్చే ఆ ఇల్లాలికి అభయమిచ్చినవాడు ఆ అద్దె ఇంటి రంగనాథ్. అనంతపురం జిల్లాలో పుట్టి నీళ్ల ట్యాంకరు తప్ప మరో జలవాహనం ఎరుగనివాడు. రాబోయే రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లు తికమకపడకుండా రెండంకెల ఏళ్లను నాలుగంకెలుగా దిద్దే అంకదోషసంహారి. లుంగీ ఎగ్గట్టి, ముక్కుకు తువ్వాలు బిగించి, కుడిచేత బ్రష్షు, ఎడమచేత వాడకం తెలిపే కరపత్రం ధరించి ఎండలో నిలిచిన ఆ వీరుడు ఇలా గర్జించాడు:

"ఈరమ్మా, దిగులు వదిలేయ్. ప్లైవుడ్డు మీద ఈ ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, రెజిన్ జిగురు తాపితే నీ దోనె తాబేటి చిప్ప అయిపోతుంది. లక్ష లైన్ల ప్రోగ్రామును ఒక్క రన్‌లో దింపినోణ్ణి. ఈ చెక్క నాకు లొంగదా?"

"లొంగుతది గని, జర పైలం సారు," అంది ఈరమ్మ.

పైలమా, ఆ మహావీరుడికి జాగ్రత్తలా! ఉన్న రెండు రెజిన్ డబ్బాల్లో ఒకదాన్ని పూర్తిగా నీలం బకెట్లోకి కుమ్మరించాడు. గట్టిపడే మందు లీటరుకు రెండు చెంచాలని కరపత్రం చెబుతున్నా, మందు పెరిగితే బలం పెరుగుతుందని తలచి సీసా మొత్తం వంచబోయాడు. సగం దాకా వంచాక చెయ్యి ఆగింది. అప్పటికే ఆలస్యం. కలుపుతూ కలుపుతూ ఈరమ్మకు రసాయనశాస్త్రం బోధిస్తుండగా బకెట్టు వేడెక్కింది, పొగ కక్కింది, బుసకొట్టింది.

"ఏంది సారు గిది? కింద మంట లేకనే ఉడుకుతుంది?"

ఒక్క జానెడు చెక్క కూడా తడవకముందే ఆ ద్రవసైన్యం శిలగా మారింది. నడుమ బ్రష్షు, ఓడిన రాజు పాతిన జయస్తంభంలా నిటారుగా నిలిచిపోయింది.

ఆ పొగకు వంటింట్లోంచి వెలువడింది అతని ఇల్లాలు నాగమణి.

"ఆ బకెట్టు నాది," అంది ముందుగా. తర్వాత వంగి చూసింది. "పాకం ముదరబెట్టినారు."

"ఇది పాకం కాదు నాగమణీ. పాలిమర్."

"ఏదో ఒకటి. చెనక్కాయ ఉండలు చుట్టేటప్పుడు పాకమంతా ఒకేసారి కలిపేస్తానా? రెండు ఉండలు చుట్టేలోపల మిగిలింది రాయి అవుతుంది. చిప్పెడు చిప్పెడు కలపల్ల. ముందు దోనెను నీడకు లాగండి. ఎండలో పాకం ఆగుతుందా?"

సేనాధిపత్యం మారింది. దోనె పోర్టికో నీడకు చేరింది. రంగనాథ్ కొత్త బ్రష్షు పట్టే భటుడయ్యాడు. కొబ్బరి చిప్పలు బారులు తీరాయి. చేతులకు పాల ప్యాకెట్లు తొడుక్కున్న నాగమణి, చిప్పకు ఇన్ని చుక్కలని మందు లెక్కపెట్టి కలిపి అందిస్తుంటే, అతను పూస్తుంటే, వల విసిరిన చేతులతో ఈరమ్మ గాజుగుడ్డను ముడత లేకుండా పరిచింది. గుడ్డ కింద దాగిన గాలిబుడగలనే శత్రుగణాన్ని, పాలిథిన్ చుట్టిన అప్పడాల కర్ర అంచుల దాకా తరిమి తరిమి హతమార్చింది.

"గా మేకు కాడ ఒకటున్నది సారు."

"ఏదీ?"

"మీ ముక్కు కిందనే."

మోచేతుల నిండా గాజునూగు దురద. పద్దెనిమిదో చిప్ప, ఇరవయ్యో చిప్ప. ఇరవై ఆరో చిప్పతో పొద్దు వాలింది, రెండో డబ్బా అడుగంటింది, దోనె తేనెరంగులో నిగనిగలాడింది.

సోమవారం ఉదయం గట్టు మీద ఊపిరి బిగించిన జనం ముగ్గురు. దోనె నీటిలోకి జారింది. ఈరమ్మ ఎక్కి కూర్చుంది. క్షణం, రెండు క్షణాలు. అడుగున గరిటెడు నీళ్లు!

రంగనాథ్ తల వాలింది. నాగమణి మాత్రం "కాళ్లు తుడుచుకొని చూడు," అంది.

ఈరమ్మ కొంగుతో పాదాలు తుడిచింది, అడుగు తుడిచింది, అరచేయి ఆనించి చాలాసేపు ఉంచింది.

"నా కాళ్ల నీళ్లేనమ్మా. అబ్బ, పానం పోయినంత పనైంది. ఇగ పోత. గని గాలికి నిలుస్తలేదు, లంగరు లేదు. గా ముదిరిన బకెట్టు నాకిస్తరా?"

"తీసుకుపో. నాకు కొత్తది ఆయన తెస్తారు," అంది నాగమణి, ఆయన వంక చూడకుండా.

బ్రష్షుతో సహా ఆ శిలాబకెట్టుకు పిడి దగ్గర తాడు ముడిపడింది; చెరువు నడుమ బుడుంగున మునిగింది; దోనె నిలిచింది; వల విచ్చుకుంది.

కావున అష్టదిక్కులూ ఆలకించుగాక, అద్దాల మేడా ఆలకించుగాక: ఆనాడు ఖాజాగూడ చెరువులో, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, ఒక దోనె లోపల పొడిగా ఉంది.