పాప ఉద్యోగంలో చేరింది

పదో నెల నిండకముందే తన్విక మిస్టరీ షాపర్ ఉద్యోగంలో చేరింది. ఆమెకు కేటాయించిన శాఖ, తల్లి పావని.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. పావని చేసేదీ అదే పని. మామూలు మనిషిలా కొట్టుకి వెళ్లి ఏదో ఒకటి కొని, పలకరించారా, నవ్వారా, విసుక్కున్నారా అన్నది గుట్టుగా మార్కులు వేసి కంపెనీకి రాసి పంపేది. వెళ్లిన ప్రతిచోటా బిల్లు దగ్గర ఫోన్ నంబరు, మెయిల్ అడిగేవారు, చెప్పేది. పిల్లల బట్టల కొట్టులో పాప పేరు, పుట్టినరోజు కూడా అడిగారు. అవీ చెప్పింది. అప్పట్నుంచి పాప పేరు మీద ఆ కంపెనీ నుంచే మెయిళ్లు మొదలయ్యాయి. "మీ ప్రొఫైల్ మాకు నచ్చింది." పావని చెరిపేస్తూనే ఉంది. ఒకరోజు పప్పన్నం తినిపిస్తూ, పాప నోరు తెరుస్తుందని ఫోన్ చేతికిచ్చింది. బొమ్మల పాట మధ్యలో మెయిల్ వచ్చిపడింది. పాప వేలు పెట్టింది. నియామకం ఖరారైంది.

పావని వెంటనే కంపెనీకి ఫోన్ చేసింది.

"మా పాప పేరు తీసేయండి. దానికింకా నడకే రాలేదు."

"మా షాపర్లెవరో బయటికి చెప్పమండి. ప్రైవసీ."

"నేను దాని తల్లినండి."

"అయితే మీకసలే చెప్పకూడదు. మీరే కదండీ షాపు."

పక్క వాటాలో సుగుణకు ఇలాగే సొంత పిల్లాడు వేసిన మార్కులు తగ్గాయి. కంపెనీవాళ్లు శిక్షణకని తీసుకెళ్లారు. ఆమె బదులు వచ్చినావిడ మంచిదే, వేళకి స్నానం పోస్తుంది, కసురుకోదు. పిల్లాడు ఆవిడనూ అమ్మా అనే పిలుస్తున్నాడు. ఆ పిలుపు గోడ అవతల వినపడినప్పుడల్లా పావని పాపను గట్టిగా హత్తుకునేది. గట్టిగా హత్తుకుంటే మార్కులు పెరుగుతాయో తగ్గుతాయో తెలియక, మళ్లీ పట్టు వదులు చేసేది.

"నీకు తెలిసినట్టు అవుపడకు," అన్నాడు భర్త ఈశ్వర్రావు. "తెలిస్తే పాప పని పోద్ది."

"పోతే పోనీ."

"పోతే మనింటికి ఇంకోల్ని పంపుతారే. ఇది కనీసం మన పిల్ల."

పాప చూపు ముందు తన గుండె మీదకు, తర్వాత గోడ గడియారం మీదకు పోవడం పావని కనిపెట్టింది. కొట్లో తను చూసేదీ అలాగే. ముందు అమ్మేవాళ్ల పేరు బిళ్ల, ఆ తర్వాత టైము. మర్నాడు జాకెట్టుకి 'అమ్మ' అని రాసిన బిళ్ల తగిలించుకుంది.

ఆ సాయంత్రం పాప మంచం మీంచి జారిపడింది. పావని పరుగెత్తుకొచ్చి, ఒక్క క్షణం ఆగి, నవ్వు సరిచేసుకుని ఎత్తుకుంది.

"నమస్కారం. ఇంకేమైనా కావాలాండి?"

పాప ఏడుపు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. ఫోన్ మోగింది. ఈ సేవ మీకెలా అనిపించిందని అడుగుతున్నారు. పావని ఫోన్ పాప చేతిలో పెట్టింది. షాపర్ ఏం రాస్తుందో షాపు చూడకూడదు కాబట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.